చెమ్మ నేలలో తుపాకీ: చెక్క కర్ర మేలా? ఫైబరు మేలా?

పెనుగొండ: తొలకరి పడి కాలువలకు నీరు వదిలారంటే డెల్టా ఇళ్లలో కొన్ని మార్పులు ఏటా వచ్చేవే. తలుపు రెక్కలు గుమ్మానికి బిగుసుకుంటాయి. బల్ల సొరుగు లాగితే రాదు. ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది. తోలు చెప్పులకు బూజు పడుతుంది. ఇవి అందరికీ తెలిసినవే. అదే చెమ్మ ఇంటి లోపలి గదిలో తాళం వేసి ఉంచిన లైసెన్సు తుపాకీని కూడా పట్టుకుంటుందని మాత్రం చాలామందికి దానిని బయటికి తీసిన రోజునగాని తెలియదు.

తీసి చూస్తే గొట్టం మీద ఎర్రని తుప్పు చుక్కలు, కర్ర మీద తెల్లని బూజు, మెడ దగ్గర వెంట్రుక వంటి నెర్ర. అప్పుడు మొదలవుతుంది ఆలోచన. పాత చెక్కను బాగుచేయించాలా, లేక కొత్త తుపాకులకు వస్తున్న నల్లని ఫైబరు కర్రను వేయించాలా? చెక్కకు ఉన్న పరువు వేరు అని ఒకరంటారు. ఫైబరైతే నీళ్లలో పడ్డా భయం లేదని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఏ తుపాకీకి ఏది నప్పుతుందో తెలుసుకోకపోతే మాత్రం డబ్బు దండగ కావడమే గాక, ఒక్కోసారి చేతికో ముఖానికో గాయమయ్యే ప్రమాదం కూడా ఉంది.

తుపాకీలో ఇనుము కాని భాగమంతా కర్రే. భుజానికి ఆనే భాగాన్ని మడమ అనీ, బట్టు అనీ అంటారు. మీట వెనుక కుడిచేయి పట్టే సన్నని భాగం మెడ. గొట్టం కింద ఎడమచేయి పట్టేది ముందు చెక్క. చాలా రైఫిళ్లలో ఈ మూడూ ఒకే కర్రలో ఉంటాయి. మన వైపు ఎక్కువగా కనిపించే పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకుల్లో మడమ, మెడ కలిసి ఒక ముక్క. ముందు చెక్క వేరే ముక్క. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బనంతా మోసేది ఈ కర్రే.

వేట మాట మరచిపోవాలి

కర్ర సంగతికి ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి. పూర్వం శీతాకాలంలో కొల్లేటి బాతుల మీదికి తుపాకులు పట్టుకుని వెళ్లిన రోజులుండేవి. ఆ రోజులు పోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికీ కొన్ని జంతువుల వేటకు లైసెన్సులిచ్చే పద్ధతి ఆ చట్టంలో మిగిలి ఉండేది. 1991లో చేసిన సవరణతో ఆ పద్ధతి కూడా తొలగిపోయింది. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యమైంది. ఇతర దేశాల్లో వేట రైఫిలు అని పిలిచే వస్తువు మన దేశంలో ఇప్పుడు ఉంటే ఇంటి రక్షణకు, పంట కాపలాకు, గురి పోటీలకు ఉండాలి తప్ప వేటకు కాదు.

పోలవరం, బుట్టాయగూడెం వంటి మన్యం వైపు పొలాల్లో అడవి పందుల బెడద ఉన్న మాట నిజమే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు అడవి పందిని రెండవ షెడ్యూలులో చేర్చారు. పంటకు ముప్పుగా మారిన జంతువును చంపడానికి అటవీశాఖ అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కేరళలో 2022 నుండి స్థానిక సంస్థల అధ్యక్షులకు ఈ అధికారం అప్పగించారు. ఎక్కడైనా సరే, చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. ఆ రెండూ వేర్వేరు కాగితాలు.

ఇక 1959 నాటి ఆయుధాల చట్టం. రక్షణకుగాని క్రీడకుగాని ఇచ్చే నునుపు గొట్టం తుపాకీకి గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గకూడదని ఆ చట్టంలోనే ఉంది. పంట రక్షణకు మూతి నుండి మందు కూరే తుపాకీ సంగతి కూడా అక్కడే రాశారు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండరాదు. లైసెన్సు గడువు మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెరిగింది.

కర్ర మార్చదలచినవారు ముఖ్యంగా తెలుసుకోవలసినది మరొకటి ఉంది. తుపాకీ మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు కావాలి. మన ఊరి వడ్రంగి ఎంత పనివాడైనా కావచ్చు. గుమ్మాలు, మంచాలు చేసినట్లు తుపాకీ కర్ర కూడా చేసిపెడతాడని దానిని ఆయన ఇంట్లో వదిలి వస్తే ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. పనిని లైసెన్సు ఉన్న దుకాణం ద్వారానే చేయించాలి. లైసెన్సుదారు స్వయంగా వెళ్లలేకపోతే, మరమ్మతు కోసం తీసుకెళ్లే మనిషికి తన సంతకంతో రాతపూర్వక అధికారం ఇచ్చి పంపే వీలు చట్టంలో ఉంది. పని అయిన తరువాత రసీదు భద్రపరచాలి. ఇనుము మీద ఉన్న నెంబరు జోలికి మాత్రం ఎవరూ పోరాదు. దానిని చెరపడం నేరం.

పనికి తగ్గ కర్ర

ఏ పనికి ఏ కర్రో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. బండి చక్రానికి తుమ్మ. తలుపుకు టేకు. బొబ్బిలి వీణకు పనస. కొండపల్లి బొమ్మకు పొణికి. ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు. అలాగే తుపాకీకి ప్రపంచమంతటా మొదటి నుండీ పేరుపడినది అక్రోటు కర్ర. మనం తినే అక్రోటు పప్పు కాసే చెట్టే అది. మన దేశంలో కాశ్మీరు, హిమాలయ ప్రాంతాల్లో పెరుగుతుంది. కాశ్మీరులో ఆ చెట్టును అనుమతి లేకుండా నరకడానికి వీలులేదు.

అక్రోటుకు ఆ పేరు ఊరికే రాలేదు. తుపాకీ కర్ర దెబ్బకు పగలకూడదు, మోసేవాడికి బరువు కాకూడదు, ఇనుప భాగాలు వెంట్రుక వాసి కూడా తేడా లేకుండా కూర్చునేటంత సన్నగా చెక్కడానికి లొంగాలి, కాలాన్ని బట్టి వాచడం, కుంచించుకోవడం తక్కువగా ఉండాలి. తుమ్మ గట్టిదే గాని బరువు. సన్నని చెక్కుడుకు లొంగదు. టేకు నీటికి నిలుస్తుంది గాని అదాటున తగిలే దెబ్బకు పెళుసు. ఈ నాలుగు గుణాలూ ఒకచోట సరిపడా ఉన్నది అక్రోటులోనే.

కర్ర జాతితోపాటు నార నడక కూడా ముఖ్యం. గొడ్డలి కామకు కర్ర ఎంచేటప్పుడు నార నిలువునా సాగుతున్నదా అని చూస్తాం. నార అడ్డం తిరిగిన చోట కామ విరుగుతుంది. తుపాకీ మెడ దగ్గరా అంతే. అక్కడ నార మెడ పొడవునా సాగాలి. మడమ మీద ఎన్ని సుడులు, ఎంత అందమైన చారలున్నా ఫరవాలేదు. మెడ దగ్గర సుడి ఉంటే ఆ కర్ర అందానికే గాని పనికి రాదు.

చెమ్మ చేసే పని

కర్ర కోసి, ఆరబెట్టి, మెరుగు పెట్టిన తరువాత కూడా గాలితో పాటు ఊపిరి పీల్చినట్లే ఉంటుంది. గాలిలో తడి పెరిగితే కొంత పీల్చుకుంటుంది, ఎండల్లో వదిలేస్తుంది. పీల్చినప్పుడు నార పొడవునా పెద్ద మార్పు ఉండదు, అడ్డంగా వాస్తుంది. వానాకాలంలో తలుపు వెడల్పు పెరిగి బిగుసుకుని, ఎత్తు మాత్రం అలాగే ఉండటానికి కారణమిదే.

రైఫిలులో గొట్టం చాలా మేరకు కర్రలో కూర్చుని ఉంటుంది. కర్ర ఒక పక్క వాచి గొట్టాన్ని నెట్టిందంటే, గురిపెట్టినది ఒకచోటు, గుండు తగిలేది మరొకచోటు అవుతుంది. వేసవిలో సరిగా కొట్టిన తుపాకీ భాద్రపదంలో పక్కకు పోయిందంటే దోషం కంటిదీ కాదు, చేతిదీ కాదు. పన్నెండు బోరు తుపాకీలో గుళ్లు చెదిరి పోతాయి కనుక గురిలో ఈ తేడా అంతగా కనిపించదు. అక్కడ ముప్పు వేరు. వాచిన కర్ర మళ్లీ మాఘమాసంలో ఆరినప్పుడు ఇనుముకు కర్రకు మధ్య సందు ఏర్పడుతుంది. మర వదులవుతుంది. ఆ వదులు మీద పేలిస్తే తన్ను దెబ్బ కర్ర అంతటా పరచుకోకుండా ఒకేచోట తగులుతుంది. మెడ వెనుక నెర్ర పుట్టేది అలాగే. నెర్ర మీద పేలిస్తే ఏదో ఒకరోజు మెడ విరిగి, ఇనుము చేతి మీదికో ముఖం మీదికో వస్తుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేల కాలువల నేలయింది. ఏడాదిలో ఎక్కువ నెలలు పొలంలో నీరు, గాలిలో తడి. దీనికి తోడు వరదలు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. సిద్ధాంతం రేవు నుండి కింది లంకల దాకా ఆ నీరు చూసినవారికి, ఇంట్లోకి నీరు వస్తే ఏ వస్తువు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. చలిదేశాల కోసం, పొడి గాలుల కోసం చేసిన తుపాకీకి ఇది కఠినమైన కాపురమే.

ఫైబరు వచ్చిన దారి

చెక్క స్థానంలో కృత్రిమ పదార్థం రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1959లో నైలాను కర్రతో ఒక చిన్న రైఫిలును అమ్మకానికి పెట్టింది. ప్లాస్టిక్ తుపాకీ అని మొదట వెక్కిరించినా, అది లక్షల్లో అమ్ముడుపోయింది.

అసలు పాఠం వియత్నాం యుద్ధంలో వచ్చింది. అక్కడి వరి పొలాలు, వానలు, ఉక్కపోత మన డెల్టాకు దగ్గర పోలిక. అమెరికా మెరైను సైనికులు 1960ల్లో అక్కడ వాడిన దూరపు గురి రైఫిలు ఎం-40కి అక్రోటు కర్రే. తడికి అది వాచి, వంకరపోయి గురి తప్పడం మొదలైంది. దాంతో 1970ల్లో అదే రైఫిలును ఎం-40ఏ1 పేరుతో గాజునార కర్ర వేసి తిరిగి తయారు చేసుకున్నారు. అక్రోటు చెడ్డదని కాదు, ఆ గాలి దానికి పడలేదు.

మన దేశంలోనూ అదే దారి. కలకత్తా దగ్గర ఇషాపూర్ కర్మాగారంలో తయారైన 303 రైఫిలు చెక్క కర్రదే. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో ఉన్నది అదే. ఆ తరువాత చాలా ఏళ్లు మన పోలీసు స్టేషన్ల ముందు సెంట్రీ కానిస్టేబుల్ భుజాన కనిపించినదీ అదే. 303 నిషిద్ధ బోరు కావడంతో పౌరులకు దొరకదు. వారి కోసం ఇషాపూర్‌లోనే 315 రైఫిలు తయారైంది. 1990ల్లో సైన్యానికి వచ్చిన ఇన్సాస్ రైఫిలుతో కర్ర పోయి పాలిమరు వచ్చింది.

తూటాల విషయంలో ఈ తగవు ఎప్పుడో తీరిపోయిందని కూడా గుర్తుచేసుకోవాలి. పాతకాలపు పన్నెండు బోరు తూటాలకు అట్ట గొట్టాలుండేవి. చెమ్మకు అవి ఉబ్బి గదిలోకి దూరేవి కావు. ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. అట్ట తూటాలే కావాలని ఇప్పుడు ఎవరూ పట్టుబట్టరు.

ఫైబరులోనూ లోపాలున్నాయి

అయితే ఫైబరు అన్న పేరు పెట్టుకున్నదంతా ఒకటి కాదు. అందులో ముఖ్యంగా రెండు రకాలు. కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి తీసినది ఒకటి. లోపల డొల్లగా ఉంటుంది, తడితే డబ్బా చప్పుడు చేస్తుంది, చవక. గాజునార గుడ్డను పొరలు పొరలుగా పరచి, జిగురు రసాయనం పట్టించి చేసినది రెండవది. గట్టిది, ఖరీదైనది. చవక రకం ముందు భాగాన్ని చేత్తో నొక్కితే వంగి గొట్టానికి తగులుతుంది. అలాంటి కర్ర వేసిన రైఫిలును దిండు మీదనో సంచి మీదనో ఆనించి కాలిస్తే, వాచిన చెక్క చేసే చెరుపే ఇదీ చేస్తుంది. చెమ్మ వల్ల కాకుండా వంగడం వల్ల, అంతే తేడా.

కృత్రిమ పదార్థానికి కూడా దాని శత్రువులు దానికున్నాయి. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ రైఫిలు ప్లాస్టిక్ మ్యాగజైన్లు మంచు చలికి పగిలినట్లు వార్తలు వచ్చాయి. మన దగ్గర మంచు లేదు గాని ఎండ ఉంది. ఎండలో ఏళ్ల తరబడి ఉంటే గాజునార మీది పూత సుద్దలా రాలుతుంది. ఈ సంగతి నరసాపురం, అంతర్వేది వైపు మత్స్యకారులకు బాగా తెలుసు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత కోస్తా పొడవునా చెక్క పడవల స్థానంలో ఫైబరు పడవలు విరివిగా వచ్చాయి. తేలిక, పురుగు పట్టదు, ఏటా జీడిపిక్కల నూనె పూయనక్కరలేదు. కాని పగిలితే ఊరి వడ్రంగి బాగుచేయలేడు. పాతబడితే పొయ్యిలోకి పనికిరాదు, మట్టిలో కలవదు.

ఫైబరుతో వచ్చే అసలు చిక్కు మరొకటి. కర్ర చెడదన్న ధీమాతో తుపాకీని తుడవడం మానేస్తారు. నీరు ఫైబరులోకి ఇంకదు. ఇంకని నీరు ఎక్కడికీ పోక, ఫైబరుకు ఇనుముకు మధ్య సందులోనే నిలుస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతుంది, విప్పి చూస్తే కింద తుప్పు. కర్రను ఫైబరుగా మార్చవచ్చు గాని గొట్టం ఇనుమే కదా.

భుజానికి అమరడం ఇంకో సంగతి. మీట నుండి మడమ చివరిదాకా ఉండే పొడవు సాధారణంగా 14 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. దొరల కొలతకు చేసిన పాత తుపాకులు మన మనుషుల్లో చాలామందికి పొడవే. పొడవైన మడమ చంకలో చిక్కుతుంది, పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది. చెక్కనైతే కొలిచి కోయించుకోవచ్చు, కావలసిన చోట చెక్కించుకోవచ్చు. అచ్చులో పోసిన ఫైబరుకు ఆ వీలు తక్కువ; పొడవు పెంచాలంటే బిళ్లలు చేర్చాలి.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి కూడా ఉంది. పలుచని చెక్క రేకులను నార దిశ చూసి పేర్చి, జిగురుతో అదిమి ఒకే దిమ్మగా చేస్తారు. ప్లైవుడ్‌కు దగ్గర చుట్టం. రేకుల మధ్య జిగురు తడిని అడ్డుకుంటుంది కనుక వాపు తక్కువ, విరుగుడు తక్కువ. చూడటానికి చెక్కే. లోపమల్లా బరువు. ఇంట్లో నిలబెట్టి ఉంచే తుపాకీకి బరువు అడ్డు కాదు. గట్ల మీద రాత్రంతా తిరిగేవాడికి అడ్డే.

ఎవరికి ఏది?

తుపాకీ ఏ పని చేస్తున్నదో చూసి నిర్ణయించుకుంటే తికమక ఉండదు.

తాతల నాటి తుపాకీ ఇంట్లోనే ఉండి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే బయటికి వస్తుంటే, కర్రలో నెర్ర లేకపోతే దానిని మార్చడం తెలివితక్కువ. ఆ అక్రోటుకు ఇప్పటికే దశాబ్దాల ఆరుదల ఉంది. అలాంటి చేవ ఉన్న కర్ర మళ్లీ కొనాలంటే దొరకడం కష్టం. దానికి కావలసింది నూనె, గాలి, శ్రద్ధ.

పంట కాపలాకు చట్టబద్ధంగా వానలో, మంచులో తిరిగే తుపాకీ, పడవ ఎక్కి దిగే తుపాకీ, బయట ఎండావానల్లో నిలబడి కాపలా కాసేవారి తుపాకీ అయితే ఫైబరు మేలు. అందులోనూ తడితే డొల్లగా మోగనిది, నొక్కితే వంగనిది చూసుకోవాలి. కొత్తగా కొనేవారు ముందే ఫైబరు కర్రతో వచ్చినదాన్ని కొనడం, పాతదానికి తరువాత అతికించడం కంటే నయం. కంపెనీ అమర్చినట్లు కొలతలు తరువాత కుదరడం కష్టం.

మెడ దగ్గర నెర్ర ఉన్న తుపాకీని మాత్రం, అది చెక్కదైనా ఫైబరుదైనా, బాగయ్యేదాకా పేల్చరాదు. సన్నని నెర్రను తెలిసినవారు రెండు గొట్టాల బంకతో, లోపల సన్నని చీల వేసి గట్టిగా నిలబెట్టగలరు. మేకు కొట్టడం, ఇనుప తీగ చుట్టడం, పైన రంగు పూయడం పనికిరావు. మేకు నెర్రను పెంచుతుంది, రంగు కప్పిపుచ్చుతుంది. మెడ అడ్డంగా విరిగితే కర్ర మార్చవలసిందే. పాత డబుల్ బ్యారెల్‌కు అచ్చులో వచ్చిన ఫైబరు సరిపోవడం అరుదు. అలాంటప్పుడు ఖర్చయినా లైసెన్సు ఉన్న పనివాడి చేత చెక్కతోనే చేయించాలి.

చెక్క ఉంచుకునేవారికి

అవిసె నూనె చెక్కకు మంచిది. గాలికి ఆరి పొరగా నిలిచే నూనె అది. దుకాణంలో మరిగించిన అవిసె నూనె అని అడగాలి, త్వరగా ఆరుతుంది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది, మిగులు తుడిచి, ఆరనిచ్చి మళ్లీ రుద్దాలి. ఒకేసారి దట్టంగా పూస్తే జిడ్డుగా మిగిలిపోతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె, ఆముదం పూయకూడదు. అవి ఆరే నూనెలు కావు. ధూళిని పట్టుకుని జిగటగా మారతాయి.

అవిసె నూనె అంటిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయరాదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండలో ఆ వేడి కూడుకుని తనంతట తానే అంటుకున్న సందర్భాలు లోకంలో చాలా ఉన్నాయి. గుడ్డను బయట పరచి ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

కనిపించే చోట మెరుగు పెట్టి, కనిపించని చోట వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. చెమ్మ ఎక్కువగా దూరేది మడమ చివర, ఇనుప పలక లేదా రబ్బరు బిళ్ల కింద. అక్కడ నార మొదళ్లు తెరుచుకుని ఉంటాయి. నారు మొదలు నీళ్లు పీల్చినట్లు కర్ర అక్కడ తడి పీలుస్తుంది. దుకాణంలో ఆ బిళ్ల విప్పించి, లోపల కూడా నూనె పట్టించాలి. తుపాకీ తిరిగి వచ్చాక పైపై మెరుగు చూసి సంతోషించకుండా, ఈ పని జరిగిందా అని అడగాలి.

గొట్టానికి పూసే నూనె వేరు, కర్రకు పూసే నూనె వేరు. గొట్టానికి దండిగా నూనె పోసి తుపాకీని మూతి పైకి నిలబెడితే ఆ నూనె మెల్లగా దిగి మెడ దగ్గర కర్రలో ఇంకుతుంది. ఏళ్లు గడిచేసరికి అక్కడ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పాత తుపాకులు చాలావాటిలో ఇదే జబ్బు. నూనె పలుచగా తుడవాలి. తుడిచిన కొత్తలో మూతి కిందికి ఉండేలా ఆనించాలి.

తోలు సంచిలో, గుడ్డ తొడుగులో తుపాకీని నెలల తరబడి ఉంచరాదు. దారిలో తీసుకెళ్లడానికే ఆ తొడుగు. అవి తడిని పట్టి ఉంచుతాయి. తాళం ఉన్న బీరువాలో, గోడకు తగలకుండా, కొంచెం గాలి ఆడేలా, తూటాలకు దూరంగా ఉంచాలి. వానాకాలంలో పక్షానికి ఒకసారైనా తీసి, తూటా లేదని చూసుకుని తుడవాలి.

వరద నీటిలో మునిగిన తుపాకీని ఎండలో పెట్టరాదు. పైన ఎండి లోపల తడి మిగిలి కర్ర పగులుతుంది. ముందు చెక్క విప్పి, తుడిచి, నీడలో ఆరబెట్టి, ఇనుముకు నూనె రాసి, పేల్చే ముందు దుకాణంలో చూపించాలి. తడిసిన తూటాలను ఆరబెట్టి వాడదామనుకోవడం ప్రమాదం.

ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులోనో లైసెన్సు దుకాణంలోనో డిపాజిట్ చేయమని ఉత్తర్వులు రావడం మామూలే. ఆ కొన్ని నెలలూ అది మన కంటికి దూరంగా ఉంటుంది. ఇచ్చే ముందు తుడిచి, నూనె పట్టించి, కర్ర మీద ఉన్న గీతలు, నెర్రలు ఫోటో తీసుకుని రసీదుతో కలిపి దాచుకోవాలి. తిరిగి వచ్చిన రోజునే బిళ్ల, మర, మెడ చూసుకోవాలి. మర వదులైతే బిగింపించకుండా పేల్చకూడదు.

ఇదంతా చదివాక చెక్కా, ఫైబరా అన్న ప్రశ్న ముందు అనుకున్నంత పెద్దది కాదని తేలుతుంది. తడిలో పనిచేసే తుపాకీకి మంచి ఫైబరు వేస్తే డబ్బు సార్థకమే. ఇంట్లో ఉండే తుపాకీకి పాత అక్రోటును మించినది లేదు. ఏది ఉన్నా, ఏడాదికి రెండుసార్లు కూడా తుడవని ఇంట్లో రెండూ ఒకేలా పాడవుతాయి. తొలకరికి ముందు నాగలి, మోటారు చూసుకున్నట్లే తుపాకీని కూడా ఒక పూట చూసుకుంటే, ఏ కర్ర వేయాలో ఆ తుపాకీయే చెబుతుంది.